గుర్తు ఎవరిది, తీర్పు ఎవరిది?

పోచారం కట్ట మీద ఒకే రోజు ఇద్దరు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. చెరువు చూడటానికొచ్చిన ఒక పెద్దమనిషి మా పేర్లు విని "మీరు ఎక్కడోళ్ళు?" అన్నాడు. ఎల్లారెడ్డి వాళ్ళం అన్నాం. "అది కాదన్నా, అసలు ఎక్కడికెల్లి వచ్చిండ్రు అని అడుగుతున్న" అన్నాడు. సాయంత్రం చాయ్ హోటల్లో ఒక తెల్లగడ్డం ముసలాయన "మియాఁ, తుమ్ లోగాఁ అసల్ కాఁ కే?" అన్నాడు. మళ్ళీ ఎల్లారెడ్డే అన్నాం. ఆయనకూ ఆ జవాబు ఆనలేదు. తన తాతల తాతలు అరబ్బు దేశం నుంచి వచ్చారని చెప్పి, మా ఖాందాన్ సంగతి చెప్పమన్నాడు. మొదటాయన లెక్కలో మేము బయటివాళ్ళం కాబట్టి తక్కువ. రెండో ఆయన లెక్కలో మేము బయటివాళ్ళం కాకపోతే తక్కువ.

ఈ ఇద్దరికీ ఇప్పుడు ఒక కొత్త సాక్షి దొరికింది. "డీఎన్ఏ టెస్టు చేయిస్తే అసలు సంగతి బయటపడుతుంది" అనే మాట ఊళ్ళల్లోకి కూడా వచ్చేసింది. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో తన దీర్ఘ కవితకు 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టాడు. అప్పుడు ఆ మచ్చ చరిత్ర మా మీద వేసింది. ఇప్పుడు దాన్ని మా రక్తంలోనే వెతుకుతామంటున్నారు. కాబట్టి ఆ సాక్షి ఏం చెబుతుందో, ఏం చెప్పదో, దాని నోట ఎవరు మాటలు పెడుతున్నారో మనం విడదీసి చూడక తప్పదు.

ముందు శాస్త్రానికి ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ తీసుకున్నా నూటికి 99.9 పాళ్ళు ఒకటే. తేడాలన్నీ మిగిలిన పిసరులోనే. ఒకచోట ఒక్క అక్షరం మారి ఉంటుంది. ఇంకోచోట ఒక చిన్న ముక్క ఒకరిలో ఎనిమిది సార్లు, మరొకరిలో పదకొండు సార్లు వరసగా వస్తుంది. అలాంటి చోటునే జన్యు గుర్తు, అంటే జెనెటిక్ మార్కర్ అంటారు. చాలా గుర్తులు ఒంట్లో ఏ పనీ చెయ్యవు. ఫలానా ముక్క ఎటు నుంచి ఎటు పోయిందో చెప్పే ఆనవాళ్ళు మాత్రమే అవి.

ఆ ఆనవాళ్ళతో గొప్ప పనులు జరిగాయి. పోచారం నీళ్ళతో పండేది వరి. సాంబ మసూరికి ఆకు ఎండు తెగులు పెద్ద శత్రువు. తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చేటప్పుడు హైదరాబాదు సీసీఎంబీ, వరి పరిశోధనా సంచాలకాలయం వాళ్ళు మొక్క పెరిగి రోగం వచ్చేదాకా ఆగలేదు. లేత మొక్కలోని గుర్తు చూసి కావలసినవి ఏరుకున్నారు. అలా వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. పోచారం చుట్టూ ఉన్నది అభయారణ్యం. అక్కడ జింకను కోసి, తోలూ కొమ్ములూ దాచేసి, మాంసం ముక్క మాత్రమే మిగిలితే నేరం రుజువు చెయ్యడం ఎలా? తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏలో ఒక భాగం చదివి, ఆ ముక్క ఏ జంతువుదో చెప్పే పద్ధతిని సీసీఎంబీకి చెందిన ఎస్.కె.వర్మ, లాల్జీ సింగ్ 2003లో ప్రకటించారు. నోరులేని జీవాల పక్షాన గుర్తు సాక్ష్యం చెబుతుంది. దీన్ని మేము మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాం.

అయితే మాంసం ఎవరిదో తేల్చే పని ఈ దేశంలో జింకల దగ్గర ఆగలేదు. 2015 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర ఇంట్లో ఆవు మాంసం ఉందన్న పుకారుతో ఒక ముస్లింను గుంపు కొట్టి చంపింది. చంపిన తర్వాత మాంసం పరీక్షకు వెళ్ళింది. మొదటి నివేదిక మేకదన్నది. 2016లో బయటికొచ్చిన ఇంకో నివేదిక ఆవు జాతిదన్నది. పత్రికలు రెండింటి మధ్య తేడా మీద పేజీలు నింపాయి. ఏ నివేదిక నిజమైతే ఆ హత్య న్యాయమవుతుంది? ఈ ప్రశ్న వెయ్యకుండా ఫలితం కోసం ఎదురుచూసిన ప్రతి ఒక్కరూ, తెలిసో తెలియకో, చనిపోయినవాడినే బోనులో నిలబెట్టారు. పరీక్షలో తప్పు లేకపోవచ్చు. పరీక్ష చేయించాలన్న ప్రశ్నలోనే తప్పుంది.

మనుషుల గుర్తుల విషయంలోనూ జరుగుతున్నది ఇదే. భారతీయ ముస్లింల మీద సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక అధ్యయనం 2010లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో అచ్చయింది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌ను, తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియాను చూశారు. ముస్లింలలో ఎక్కువ పాలు చుట్టుపక్కల ముస్లిమేతరులదే అని తేలింది. ఆఫ్రికా, అరేబియా, పశ్చిమాసియా ఆనవాళ్ళు ఉన్నాయి గానీ తక్కువ. మా తాతలు ఈ మట్టి మనుషులే అని మాకు ఎప్పుడో తెలుసు. మా నుడి, మా తిండి, మా చేతి పనులు చెబుతూనే ఉన్నాయి.

ఈ ఫలితాన్ని ఎవరెలా వాడుకుంటారో చూడండి. నిన్నటిదాకా "మీరు బయటివాళ్ళు, పొండి" అన్నవాళ్ళు ఇప్పుడు "మీరు మావాళ్ళే, తిరిగి రండి" అంటారు. 'ఘర్ వాపసీ'కి ప్రయోగశాల ముద్ర కావాలి. పొమ్మన్నా రమ్మన్నా, మేమున్న చోట మేముగా ఉండే హక్కు మాత్రం లేదు. మా తాత ఏ కులపు బరువు దించుకోవడానికి మతం మారాడో ఆ సంగతి ఏ గుర్తులోనూ ఉండదు. తిరిగి వస్తే ఏ వాడలో ఇల్లిస్తారో పిలిచేవాడూ చెప్పడు.

ఇక మా లోపలి సంగతి. అరబ్బు వంశవృక్షాలు గోడకు తగిలించుకునే మా పెద్దలకు కూడా ఒక చిన్న లెక్క చెప్పాలి. పది తరాలు వెనక్కి పోతే ప్రతి మనిషికీ 1024 పూర్వీకుల స్థానాలుంటాయి. వై క్రోమోజోమ్ అందులో ఒక్క మగవాడి కథ చెబుతుంది, మైటోకాండ్రియా ఒక్క ఆడమనిషి కథ చెబుతుంది. మిగతా 1022 మంది గురించి ఆ రెండూ నోరు విప్పవు. ఒక్క సయ్యద్ తాతను నెత్తిన పెట్టుకుని, ఇక్కడి బట్టలు నేసిన, బండలు కొట్టిన, దూది ఏకిన తక్కిన తాతలనూ నానమ్మలనూ పాతరెయ్యడం ఏ రకం గౌరవం?

ఆ అధ్యయనం ఎంచుకున్న ఆరు సమూహాలను చూసినా మాకొక అసంతృప్తి ఉంది. గుజరాత్, తమిళనాడు దావూదీ బోహ్రాలు ఉన్నారు. కేరళ మాపిళ్ళలు, ఇరానీ షియాలు, ఉత్తరాది షియా, సున్నీలు ఉన్నారు. తెలుగు పల్లెల దూదేకులలు లేరు. ఎవరి నెత్తురు తీసుకోవాలో నిర్ణయించేటప్పుడే ఎవరు ముస్లింగా కనిపిస్తారో నిర్ణయమైపోతుంది. సాహిత్యంలో మాకు జరిగిందే ఇక్కడా జరిగింది.

అసలు ఈ నేల మీద బయటివాడు కానిదెవరు? విశాఖ ప్రాంతపు తెలుగు కులాల మీద బామ్షాద్ బృందం 2001లో చేసిన అధ్యయనం, పైకులాల తండ్రి వైపు గుర్తులు యూరప్ వాళ్ళకు దగ్గరగా ఉన్నాయన్నది. 2013లో వచ్చిన మరో అధ్యయనం దేశంలోని సమూహాలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా బాగా కలగలిశాయని, ఆ తర్వాత కలవడం తగ్గిపోయిందని చెప్పింది. కులం సారమే లోలోపలి పెళ్ళి అని అంబేద్కర్ 1916లోనే అన్నాడు. ఆ గోడ ఇప్పుడు డీఎన్ఏలో కూడా కనబడుతున్నది. అయినా యూరప్ పోలిక తేలిన ఏ పైకులం వాడినీ ఎవరూ మూట సర్దుకోమనలేదు. అనకూడదు కూడా. మరి గుర్తు ఒకరికి గర్వమూ ఇంకొకరికి నేరమూ ఎందుకవుతున్నది?

"మాది ఇక్కడి రక్తమే, శాస్త్రమే చెప్పింది" అని సంబరపడే మా మిత్రులకు కూడా ఒక మాట. ఈ వాదన మీద నిలబడితే హైదరాబాదు ఏసీ గార్డ్స్ సిద్దీలను ఏం చేస్తారు? వాళ్ళ తాతలు ఆఫ్రికా నుంచి నిజాం అశ్వదళంలోకి వచ్చారు. గుర్తు వాళ్ళను ఆఫ్రికా వాళ్ళంటే వాళ్ళు మనవాళ్ళు కాకుండా పోతారా? రక్తంతో గెలిచిన హక్కు ఇంకో రక్తపరీక్షలో ఓడిపోతుంది.

న్యాయానికి వేరే దారి ఉంది, మనం ఇప్పటికే ఆ దారిలో కొంత నడిచాం. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చినప్పుడు ఎవరి నెత్తురూ పరీక్షించలేదు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్బులను పక్కన పెట్టి, వృత్తినీ వెనుకబాటునూ చూశారు. ఆ జాబితాలో సిద్దీలున్నారు, తురక కాశలున్నారు, ఫకీర్లున్నారు. నువ్వు ఎవరి కొడుకువని గాక, నీ కొడుకు బడికి పోతున్నాడా అని అడిగిన జాబితా అది.

పోచారం ఆనకట్ట 1916 నుంచి 1922 దాకా, నిజాం కాలంలో కట్టారు. దాని నీళ్ళు తాగిన ఏ పొలమూ ఆ రాజు వంశం అడగలేదు. ఆ కట్ట మీద మమ్మల్ని మళ్ళీ ఎవరైనా అసలు ఎక్కడివాళ్ళని అడిగితే మేము మళ్ళీ ఎల్లారెడ్డే అంటాం. దానికి రుజువుగా మా రక్తం ఇవ్వం. ఓటరు కార్డు ఉంది, కౌలు బాకీ ఉంది, చెరువు పక్కన మావాళ్ళ సమాధులున్నాయి. అవి చాలకపోతే, లోపం మా గుర్తుల్లో లేదు.