మారనివ్వని పనితనం

అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ బృందం వ్యాసం 1998 నవంబరు ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. మూడు పేజీలకు మించదు. మానవ పిండ మూలకణాలను ప్రయోగశాలలో పెంచవచ్చని తొలిసారి చూపింది అదే. పేరు తెచ్చింది ఆ మూడు పేజీలే అయినా, పనితనమంతా వాటి వెనక ఉంది.

ఎలుక పిండం నుంచి మూలకణాలు తీయడం 1981లోనే కుదిరింది. పశువైద్యం చదివి, ఆపైన మాలిక్యులర్ బయాలజీలో డాక్టరేట్ చేసిన థామ్సన్ అక్కణ్ణుంచి నేరుగా మనిషి దగ్గరికి రాలేదు. ఎలుక పిండం ఎదిగే తీరు వేరు, మన పిండం తీరు వేరు. అందుకే విస్కాన్సిన్‌లో ముందు కోతులతో మొదలుపెట్టారు. 1995లో రీసస్ కోతి, మరుసటి ఏడు మార్మోసెట్. చెయ్యి తిరిగాకే మనిషి పిండం ముట్టుకున్నారు.

ఈ మానవ పిండాలు సంతాన చికిత్స కోసం తయారై, దంపతులు అంగీకరించి ఇచ్చినవి. ఈ పనికి అమెరికా ప్రభుత్వ నిధులు వాడకూడదు కనుక ప్రైవేటు కంపెనీ డబ్బుతో విడిగా ల్యాబ్ నడిపారు. పిండం వెలుపలి పొరను యాంటీబాడీల సాయంతో తొలగించి, లోపలి కణాల ముద్దను ఎలుక కణాల పొర మీద పెంచారు. అసలు కష్టం ఆ తర్వాతే. ఏదో ఒక కణజాలంగా మారిపోవడమే ఈ కణాల స్వభావం. వాటిని మారనివ్వకుండా, చావనివ్వకుండా పెంచాలి. నారుమడిలో కలుపు ఏరినంత ఓపిగ్గా, మారని గుంపులనే సన్నటి గాజు గొట్టంతో ఎంచి కొత్త పళ్లెంలోకి మార్చేవారు. 14 కణ ముద్దల్లో నిలదొక్కుకున్నవి 5. వాటిలో హెచ్1, హెచ్9 అనేవి ఇప్పటికీ ఎన్నో ల్యాబుల్లో పెరుగుతున్నాయి.

పెరిగితే చాలదు, సత్తా పోలేదని రుజువు కావాలి. నెలల తరబడి పెంచిన కణాలను రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లోకి ఎక్కించారు. అక్కడ ఏర్పడిన గడ్డల్లో పేగు పొర, ఎముక, కండరం, నాడీ కణజాలం అన్నీ కనిపించాయి.

2007లో థామ్సన్ ల్యాబ్‌లో జున్‌యింగ్ యూ మామూలు మానవ కణాలనే నాలుగు జన్యువులతో మూలకణాల స్థితికి తిప్పారు. ఆ ఫలితం వెలువడిన రోజే జపాన్‌లో షిన్యా యమనాక బృందం కూడా అలాంటి ఫలితమే ప్రకటించింది. యమనాక వాడిన నాలుగు జన్యువుల్లో క్యాన్సర్‌తో సంబంధమున్న సి-మిక్ ఉంది. విస్కాన్సిన్ నాలుగింటిలో అది లేదు. పిండ మూలకణాల్లో ఎక్కువగా పనిచేసే జన్యువుల్లోంచే వాటిని ఏరారు. పిండం అక్కర్లేని దారి దొరికింది కూడా పిండ మూలకణాలను అంత దగ్గరగా ఎరిగి ఉండటం వల్లే.