‘రక్షణ’ అనే మాటకు వ్యాఖ్యాత ఎవరు?

పదిమంది ఒక్కటైతే దొంగ ఇంట్లోకి రాడన్నది సైనిక కూటములను సమర్థించేవారి వాదం. వినడానికి సబబుగానే ఉంది. కాని ఒడంబడిక కూడా ఒక రచనే. సాహిత్యం చదువుకున్నవాణ్ణి గనుక దానినీ మాటమాటా విడదీసి చదవాలంటాను. వాగ్దానమేమిటో చూసి ఊరుకుంటే చాలదు. దానికి అర్థం చెప్పే అధికారం ఎవరిదో కూడా చూడాలి.

1954 సెప్టెంబరు 8న మనీలాలో కుదిరిన ఆగ్నేయాసియా ఒడంబడికనే తీసుకుందాం. ‘సీటో’ కూటమికి పునాది ఇదే. సంతకాలు చేసిన రాజ్యాలు ఎనిమిది. వాటిలో ఆగ్నేయాసియాకు చెందినవి ఫిలిప్పీన్స్, థాయిలాండ్ మాత్రమే. సాయుధ దాడి జరిగితే ప్రతి రాజ్యమూ తన రాజ్యాంగ పద్ధతుల ప్రకారం ఎదుర్కొంటుందని నాలుగో అధికరణం చెప్పింది. ఏ మేరకో చెప్పలేదు. అమెరికా ఇంకొక మెలిక పెట్టింది: తన విషయంలో దురాక్రమణ అంటే కమ్యూనిస్టు దురాక్రమణేనట! తక్కిన దాడులు జరిగితే సంప్రదింపులు. మూలం ఎనిమిదిమందిది, వ్యాఖ్యానం ఒక్కరిది.

ఫలితమేమిటి? సభ్యరాజ్యమైన పాకిస్తాన్ 1965లోను, 1971లోను భారతదేశంతో యుద్ధం చేసినప్పుడు సీటో దాని పక్షాన రంగంలోకి దిగలేదు. సభ్యత్వమే లేని దక్షిణ వియత్నాంను మాత్రం అనుబంధ పత్రంతో ‘రక్షణ’ పరిధిలో చేర్చారు. అమెరికా తన యుద్ధానికి దానినే ఆధారంగా చూపింది. 1977లో సీటో రద్దయింది. ఇల్లు తగలబడిన వియత్నాం రైతుకు దక్కిన భద్రత ఏపాటిది?

మనవాళ్లు ఇక్కడితో ఆగిపోవడం నాకు సమ్మతం కాదు. సభ్యదేశాల ఆంతరంగిక వ్యవహారాలలో జోక్యం చేసుకోబోమని 1955 నాటి వార్సా ఒడంబడిక మాట ఇచ్చింది. 1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వాన ఆ కూటమి సేనలే సభ్యదేశమైన చెకొస్లవేకియాలో చొరబడ్డాయి. అమెరికాను ఒక గజంతోను, సోవియట్ యూనియన్‌ను మరొక గజంతోను కొలిస్తే అది విమర్శ అనిపించుకోదు, వకాల్తా అవుతుంది.

మరి చిన్న దేశాల గతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. 2022లో రష్యా ఉక్రెయిన్‌పై పెద్ద ఎత్తున దండెత్తాక ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరాయి. వారి భయం కల్పితమని ఎవరనగలరు? అయితే నాటో ఐదో అధికరణంలో కూడా ఏ చర్య అవసరమో ఏ రాజ్యానికారాజ్యమే నిర్ణయించుకుంటుంది. ఆపద నాడు బలవంతుడు చెప్పిందే అర్థమైతే, బలహీనుడికి మిగిలేది అతని దయే.

1955లో బాండుంగ్‌లో సమావేశమైన 29 దేశాలు సామూహిక ఆత్మరక్షణ హక్కును కాదనలేదు. దానిని అగ్రరాజ్యాల ప్రయోజనాలకు వాడరాదన్నాయి. నేటికీ ఏ కూటమినైనా పరీక్షించడానికి ఇంతకన్న సరైన గీటురాయి నాకు కనబడదు.