కొత్త లాప్‌టాప్‌లో ఏకాక్షి

పాత లాప్‌టాప్ చివరి రోజుల్లో దాని ఫ్యాను మా ఊరి రైసుమిల్లులా మోగేది. ఒక పేజీ తిప్పి, కాఫీ కలుపుకుని వచ్చేసరికి రెండో పేజీ సగం కనబడేది. పెట్టె మార్చక తప్పలేదు. కొట్లో కుర్రాడు ర్యామ్ గురించి, ఆటలు ఎంత వేగంగా ఆడుకోవచ్చో దాని గురించి పావుగంట చెప్పాడు. అంతా విని, “పాత చందమామ రెండు పేజీలూ పక్కపక్కన పెడితే అక్షరం కనబడుతుందా బాబూ?” అన్నాను. నా వంక జాలిగా చూశాడు.

కనబడుతోంది. అక్షరమే కాదు, అందులో బొమ్మలు వేసిన చిత్ర గారి కుంచె కాగితం మీద ఎక్కడ ఆగి ఎక్కడ కదిలిందో కూడా కనబడుతోంది. అందుకే ఈ వ్యాసం.

కొత్త పెట్టెతో కాపురం సర్దుకోవడానికి మూడు రోజులు పట్టింది. అప్‌డేట్లు ఒక పూట తిన్నాయి, మరిచిపోయిన పాస్‌వర్డులు ఇంకో పూట. తెలుగు కీబోర్డు పెట్టుకునేసరికి వేళ్ళు పాత అలవాటు కొద్దీ ‘క్ష’ కోసం వెతికి ‘జ్ఞ’ కొట్టాయి. తెర వెలుగు మరీ తెల్లగా, ఆసుపత్రి గోడలా ఉంటే, రాత్రి వెలుగు అనే సదుపాయం నొక్కి పసుపు పెంచాను. తెర మీద న్యూస్‌ప్రింటు రంగు వచ్చింది. అప్పుడు పాత హార్డు డిస్కు తగిలించి, చందమామ సీరియళ్ళ స్కానులున్న పన్నెండు ఫోల్డర్లు ఎక్కించాను. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు. పేర్లు వరసగా చదువుతుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మీకు జలదరించకపోతే మీరు చందమామ చదవలేదన్నమాట.

ఈ పన్నెండూ ఒక్క చెయ్యి రాసినవే, దాసరి సుబ్రహ్మణ్యం గారి చెయ్యి. 1932లో పుట్టారు. ఇరవై ఏళ్ళ వయసులో పిల్లల మాసపత్రిక చందమామలో చేరి, ఉద్యోగ జీవితమంతా అక్కడే ఉన్నారు. 1954లో తోకచుక్క మొదలైంది. ఇంగ్లండులో టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగం అచ్చయినదీ ఆ ఏడే. టోల్కీన్‌ను నేనూ చదివాను, ఇష్టంగానే చదివాను. కానీ ఆయన ఆ పుస్తకానికి పన్నెండేళ్ళకు పైగా తీసుకున్న ప్రొఫెసరు. మన దాసరి గారు నెలనెలా అచ్చు గడువు నెత్తి మీద ఉండగా, ఇరవయ్యో పడిలో ఉన్న ఉద్యోగి. ఈ పోలిక న్యాయం కాదంటారా? కాకపోతే కాకపోనీ, అభిమానికి ఆ మాత్రం చనువు ఉంటుంది.

ఈ కథల వంశవృక్షం గురించి రెండు ముక్కలు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ నాటికే మనవాళ్ళు మాయలతో కథ అల్లడం నేర్చారు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు రాశారు. కాశీకి నడిచి వెళ్ళే దారిలో మజిలీకో కథ. 1949లో ‘కీలుగుర్రం’, 1951లో ‘పాతాళభైరవి’ సినిమాలు వచ్చాయి. రెండోది తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే అంతకు నాలుగేళ్ళ ముందు, 1947 జూలైలో, చందమామ పెట్టారు. అంటే ఎస్వీ రంగారావు గారి నేపాళ మాంత్రికుడూ, దాసరి గారి మాంత్రికులూ ఒక ఇంటి బిడ్డలే. అయినా చక్రపాణి గారికి పత్రికలో ఈ మాయలూ మంత్రాలూ అంతగా రుచించేవి కావంటారు. రాకాసిలోయ తర్వాత వీటిని ఆపేసి బంకించంద్రుడి నవలలు వేశారనీ, పాఠకులు ముఖం చాటేస్తే పాతాళదుర్గంతో మళ్ళీ పిలుచుకొచ్చారనీ చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, ఈ కథ విన్నప్పుడల్లా నాకు దాసరి గారే గెలిచినంత సంతోషం.

ఇక పనితనం సంగతి. దీని గురించి ఎవరూ సరిగా మాట్లాడరు. “చిన్నప్పుడు భలే ఉండేవండీ” అని నిట్టూర్చి ఊరుకుంటారు. భలే ఎందుకుండేవో చూడాలి కదా!

ముందు పేర్లు చూడండి. ఏకాక్షి. చతుర్నేత్రుడు. ఒంటికన్ను వాడొకడు, నాలుగు కళ్ళవాడొకడు. పేరు విన్న క్షణంలో మనిషి కళ్ళ ముందు నిలబడతాడు, వర్ణనకు ఒక్క వాక్యం ఖర్చు కాదు. బ్రహ్మదండి మాంత్రికుడు, కాపాలిని, శిఖిముఖి... ప్రతి పేరులోనూ ఒక బొమ్మ ఉంది. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ తన ‘ఎర్త్‌సీ’ నవలల్లో దేని అసలు పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుందని రాసింది. దాసరి గారు ఆ సిద్ధాంతం చెప్పలేదు, చేసి చూపించారు. పల్లెటూరి పిల్లవాడు భల్లూకం అంటే ఎలుగుబంటి అనీ, ఉలూకం అంటే గుడ్లగూబ అనీ, కంకాళం అంటే అస్థిపంజరమనీ నిఘంటువు ముట్టుకోకుండా నేర్చుకున్నాడు. అమరకోశం వల్లెవేయించినా ఇంత సంస్కృతం నాకు అంటేది కాదు.

రెండోది జంట. గమనించారా, ఈ కథల్లో నాయకుడు తరచూ ఒంటరిగా ఉండడు. కేశవుడూ జయమల్లుడూ, ధూమకుడూ సోమకుడూ, శిఖిముఖీ విక్రమకేసరీ, ఖడ్గవర్మా జీవదత్తుడూ, జయశీలుడూ సిద్ధసాధకుడూ. యక్షపర్వతంలో ఖడ్గవర్మది కత్తి, జీవదత్తుడిది మంత్రం. ఒకడు దూకుదామంటాడు, ఒకడు ఆగమంటాడు. ఇద్దరుంటే మనసులోని ఆలోచనంతా మాటల్లోకి వచ్చేస్తుంది. “అతడు ఇలా అనుకున్నాడు, అలా చింతించాడు” అని పేజీలు నింపక్కర్లేదు. కథ సంభాషణ మీద నడిచిపోతుంది. పిల్లల కోసం రాసేవాడు నేర్వవలసిన మొదటి విద్య ఇదే, ఇవాళ ఒక్కరికీ పట్టని విద్య కూడా ఇదే.

మూడోదాన్ని నేను మాయలో పొదుపు అంటాను. దాసరి గారి మాంత్రికులు అన్నీ చేయలేరు. ఒకడి శక్తికి ఇంకొకడి శక్తి అడ్డు. తోకచుక్కలో కుండలినీ ద్వీపం నుంచి బయలుదేరిన సేనాని సమరసేనుడు ఏకాక్షికీ చతుర్నేత్రుడికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క అవుతాడు. ఇద్దరూ అతని కంటే బలవంతులే. అయితే ఇద్దరికీ ఒకడంటే ఒకడికి పడదు. ఆ పడకపోవడమే సమరసేనుడికి దొరికిన సందు. మంత్రానికి హద్దు ఉన్నప్పుడే కత్తికీ బుర్రకూ పని ఉంటుంది. దండం ఊపితే కష్టం తీరిపోయే కథలో పిల్లవాడికి భయం ఎందుకు వేస్తుంది? భయం వేయని చోట ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

వాక్యం గురించి చెప్పకపోతే పాపం. పొట్టి వాక్యం, వాడుక తెలుగు, ఎక్కడా విశేషణాల గుట్టలు లేవు. 1980లో కన్నుమూసేదాకా పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారి చలవ ఇందులో ఎంతో ఉందని అందరూ అంటారు. మార్క్సిస్టు అయిన కుటుంబరావు గారు భూతాల కథలకు కామాలు దిద్దుతూ కూర్చున్నారని తలుచుకుంటే నాకు భలే నవ్వొస్తుంది. ఆ దిద్దుబాటులోని గొప్ప ఏమిటంటే, వాక్యం ఎక్కడా తన గొంతు వినిపించదు. మొసలి నోరు తెరిచిందంటే మొసలి నోరు తెరిచిందనే ఉంటుంది. మిగిలిన వణుకు చదివేవాడి పని.

బొమ్మల దగ్గరికి వస్తే నేను బాహాటంగా చిత్ర పార్టీ. శంకర్ గారంటే గౌరవమే. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే ఆయన విక్రమార్కుణ్ణి మరిచిపోయే తెలుగువాడు లేడు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలకు దణ్ణం పెడతాను. కానీ దాసరి గారి అడవికి దారి తెలిసినవాడు చిత్రే. అసలు పేరు రాఘవన్, 1978లో పోయారు. కొత్త తెర మీద బొమ్మను నాలుగింతలు పెంచి చూశాను. చెట్టు బెరడుకు ఒక గీత, రాక్షసుడి చర్మానికి ఒక గీత, నీటికి ఇంకొక గీత. దగ్గరున్నదానికి లావు, దూరం పోయేకొద్దీ సన్నం. గుంపును వేస్తే వెనక వరసలో నిలబడ్డవాడి ముఖంలో కూడా వాడిదైన భయం ఉంటుంది. ఖడ్గమృగం మీద స్వారీ చేసే మనిషిని వేస్తే ఆ మనిషి బరువు జంతువు వీపు మీద పడినట్టే కనబడుతుంది. చిన్నప్పుడు అవన్నీ చూశాను గానీ గీత కనబడలేదు, భూతమే కనబడింది. ఇప్పుడు రెండూ కనబడుతున్నాయి. ఈ ఒక్కదానికే లాప్‌టాప్ ఖరీదు కిట్టింది.

అయితే ఈ పెట్టెతో ఒక చిక్కుంది. నెలకో భాగంగా చదవాలని కొలిచి రాసినదాన్ని ఇది గుక్కలో తాగమంటుంది. ప్రతి భాగం చివరా ఒక అరుపో, పొదల్లో అలికిడో, తెగబోతున్న తాడో ఉంటుంది. దాని తర్వాత ముప్ఫై రోజులు. ఆ ముప్ఫై రోజుల్లో మేం బడి అరుగు మీద కూర్చుని వాడు బతుకుతాడా చస్తాడా అని పందేలు వేసుకున్నాం. మా తమ్ముడు నా మీద గెలిచిన గోళీలు ఇప్పటికీ తిరిగివ్వలేదు. మొన్న ఒక రాత్రి రాకాసిలోయ పదకొండు భాగాలు వరసగా చదివేసి, తెల్లారి చూసుకుంటే నోట్లో రుచే లేదు, అరకిలో మైసూరుపాకు ఒక్కడినే తిన్నట్టుంది. ఆ రోజు నుంచి రాత్రికి ఒకటే భాగం అని నియమం పెట్టుకున్నాను. భాగం అవగానే మూత దించేస్తున్నాను.

ఇప్పుడు నా కోపం సంగతి. యూట్యూబులో “తెలుగు ఫాంటసీ కథలు” అని వెతకండి. మాయా గేదె, మాయా బిర్యానీ, మాయా చీపురు! అత్త తిడుతుంది, కోడలు ఏడుస్తుంది, చెట్టు మాట్లాడి బంగారం ఇస్తుంది, చివర నీతి. బొమ్మలన్నీ ఒకే మూసలో పోసిన ప్లాస్టిక్కు ముఖాలు, చదివేది యంత్రపు గొంతు, ‘రాక్షసుడు’ అనే మాటను మూడు ముక్కలుగా విరిచి పలుకుతుంది. ఇది జానపదమట! పెద్దల కోసం రాసేవాళ్ళు ఇంకో దారి పట్టారు. కోటలు స్కాట్లండువి, మంచు రష్యాది, డ్రాగన్లు సినిమావి, వీరుడి పేరొక్కటే మనది. గోదావరి లంకలూ, నల్లమల అడవీ, కోరంగి మడచెట్లూ పక్కన పెట్టుకుని మనకు మంచు ఎందుకయ్యా? విశ్వనాథ వారు ‘హాహా హూహూ’ నవలలో గంధర్వుణ్ణి లండన్ ట్రఫాల్గర్ స్క్వేరులో పడేశారు. పరాయి దేశం వెళ్ళినా వెళ్ళినవాడు మన గంధర్వుడే. అరువు తెచ్చుకోవడం అంటే అదీ.

ఇక అభిమానం పేరుతో జరిగే అన్యాయం ఇంకొకటి. బొమ్మ పేజీని యంత్రానికిచ్చి అక్షరాలుగా మార్పించి, దిద్దకుండా వదిలేస్తారు. ‘డ’కు ‘ద’, ‘ధ’కు ‘థ’. అట్లాంటి పాఠం ఒకటి తెరిస్తే మాంత్రికుదు మంత్రదందం ఎత్తాదు. కుటుంబరావు గారు దిద్దిన వాక్యానికి పట్టిన గతి ఇది. బొమ్మలు మాత్రం ఎక్కడా లేవు, కత్తిరించి పారేశారు!

అన్నిటికంటే లోపల గుచ్చేది వేరే ఉంది. పాతికేళ్ళకు పైగా ఈ సీరియళ్ళు వచ్చాయి. తెలుగులోనే కాదు, చందమామ వెళ్ళిన ఇతర భాషల్లోకీ వెళ్ళాయి. ఎక్కడా రచయిత పేరు లేదు. అది పత్రిక పద్ధతి, తెలుసు. పద్ధతిని గౌరవిస్తాను, క్షమించను. చిత్ర సంతకం బొమ్మ మూలన ఉండేది. రాసినాయన పేరు మాలో చాలామందికి తలనెరిసిన తర్వాత తెలిసింది. 2010లో ఆయన పోయారు. నేను ఉత్తరం ముక్క రాయలేదు. ఎవరికి రాయాలో తెలిసేసరికి ఆలస్యమైంది. ఆ తర్వాత సీరియళ్ళు పుస్తకాలుగా, పేరుతో సహా వచ్చాయి. దయచేసి కొనండి. నా దగ్గర స్కానులున్నా కొన్నాను.

ఆ స్కానుల వెనక ఊరూ పేరూ లేని పాఠకులున్నారు. అటకల మీది కట్టలు దించి, పురుగులు దులిపి, రాత్రుళ్ళు కూర్చుని పేజీ పేజీ తిప్పినవాళ్ళు. చందమామ 1998లో ఆగి, మరుసటి ఏడు చివర్లో లేచి, 2007లో చేతులు మారి, తర్వాత కొన్నేళ్ళకే పూర్తిగా మూతపడింది. మిగిలింది వీళ్ళ ఓపికే.

నా రాకాసిలోయ ఫోల్డరులో ఒక భాగానికి చివరి పేజీ లేదు. మా నాన్న సీరియల్ పేజీలు చింపి బైండు చేయించారు, ఆ బైండులో ఆ ఒక్క ఆకునూ చెదలు తిన్నాయి. కేశవుడు కొండ అంచున ఉన్నాడు, అంతవరకే ఉంది నా దగ్గర. పుస్తకంలో చదివేశాననుకోండి, కానీ అందులో ఆ పేజీ బొమ్మ వేరే కొలతకు కుదించి ఉంది, నాకు తృప్తి లేదు. మీ ఇంట్లో అరవైల నాటి చందమామలు ఉంటే పాతపేపర్లవాడికి తూకానికి వేయకండి. బైండు విప్పకండి, వెన్ను విరుగుతుంది. అట్ట, ప్రకటనలు, చిరిగిన మూలలతో సహా పగటి వెలుగులో ఫోనుతో ఫొటో తీసినా చాలు. వంకరగా వచ్చినా ఫరవాలేదు, నేను సరిచేసుకుంటాను. ఇప్పుడు నా పెట్టెకు ఆ ఓపిక ఉంది.