బుల్లెట్టుకు క్యాము

పిస్టనును గూర్చి గాని, క్రాంకును గూర్చి గాని, ఆ రెంటి నడుమ నలుగుచు అన్నిటికంటె నెక్కువ శ్రమపడు కనెక్టింగు రాడ్డును గూర్చి గాని కలలు కనువారిని నేను చూడలేదు. చేర్యాలలో బుల్లెట్టు నెక్కిన కుర్రవాడు మాత్రము, బండి కొన్న కొలది నెలలకే, క్యాము మార్చవలెనను కోరికను మనస్సులో పెంచుకొనుచుండును. ఈ కోరిక నిర్హేతుకమైనది కాదు. మండిన వాయువు పిస్టనును నెట్టును, క్రాంకు ఆ నెట్టుడును త్రిప్పుటగా మార్చును. కాని ఇంజను ఏ క్షణమున ఊపిరి పీల్చవలెనో, ఏ క్షణమున విడువవలెనో నిర్ణయించు అధికారము ఒకవైపు ఉబ్బియున్న ఆ చిన్న ఉక్కుబిళ్లదే. దానిని మార్చినచో ఇంజను స్వభావమే మారును. మారిన స్వభావము యజమానికి పనికివచ్చునా యన్నది వేఱు ప్రశ్న. ఆ ప్రశ్న నడుగువారు అరుదు.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు మారులు తిరుగునప్పటికి క్యాము ఒక్కమారు తిరుగును. దాని ఉబ్బు ట్యాపెట్టును లేపగా, ట్యాపెట్టు పుష్‌రాడ్డును, పుష్‌రాడ్డు రాకరును, రాకరు వాల్వును కదల్చును. పాఠ్యపుస్తకములలోని బొమ్మలందు పిస్టను దిగనారంభింపగనే ఇన్‌లెట్ వాల్వు తెరచుకొనును, అడుగునకు చేరగనే మూసికొనును. నిజమైన ఇంజనులో అట్లు జరుగదు. పిస్టను పైకొనకు చేరకమునుపే ఆ వాల్వు తెరచుకొనును; పిస్టను అడుగు ముట్టి మరల పైకి బయలుదేరిన పిమ్మట కూడ కొంతదూరము వఱకు తెరచియే యుండును. గాలికిని బరువుండుటయే దీనికి హేతువు. వేగముగా దూసికొనివచ్చు గాలిపెట్రోలు మిశ్రమము, పిస్టను నిలిచినంత మాత్రమున తాను నిలువక, పిస్టను ఎదురు వచ్చుచున్నను ఆ ఊపుతో మరికొంత లోపలికి చొచ్చుకొనిపోవును. నిమిషమునకు ఐదాఱువేల చుట్లు తిరుగు ఇంజనులో ఈ ఊపు బలమైనది గనుక వాల్వు ఆలస్యముగా మూసికొనుట లాభము. వేయి చుట్లలో నడచు ఇంజనులో అంత ఊపు లేదు గనుక, ఇంకను మూయని వాల్వు గుండ పిస్టను తాను పీల్చినదానిలో కొంత భాగమును వచ్చిన దారినే వెనుకకు నెట్టివేయును. తక్కిన మాట లన్నియు తీసివేసి చూచినచో, పెద్ద క్యామనగా ఈ మూయుటను మఱింత ఆలస్యము చేయు క్యాము. పైవేగములకు అది పెట్టునదంతయు క్రిందివేగముల యొద్ద తీసికొనినదే.

ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూయకమునుపే ఇన్‌లెట్ తెరచుకొనుటచే రెండును కలిసి తెరచియుండు స్వల్పకాల మొకటి కలదు. దీనినే ఓవర్‌ల్యాప్ అందురు. పెద్ద క్యాములో ఇది దీర్ఘమగును. బండి స్లోలో నున్నప్పుడు కాలిన వాయువు క్రొత్త మిశ్రమముతో కలిసిపోవుటచే, ఒక దెబ్బ మండి ఒక దెబ్బ తప్పి, ఇంజను ఊగిసలాడుచు దడదడ కొట్టుకొనును. ఆ దడదడను బలమునకు గుర్తుగా లోకము తలచుచున్నది. నాకు మాత్రము అది ఊపిరి సరిగా ఆడని ఇంజను పడు అవస్థగానే వినిపించును.

ఈ దడదడపై మోజు పుట్టినది అమెరికాలో. 1955లో షెవ్రొలే సంస్థ 265 ఘనపుటంగుళముల చిన్న వీ-ఎనిమిది ఇంజనును వెలువరించెను. అదే 1955లో మద్రాసు మోటార్సువారి భాగస్వామ్యముతో ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడి, మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో బుల్లెట్టుల నిర్మాణమునకు పూనుకొనెను. మఱుసటి యేడు షెవ్రొలే ఇంజనీరు జోరా ఆర్కస్ డంటొవ్, తాను రూపొందించిన క్యాముతో, డేటోనా సముద్రతీరపు ఇసుకపై కార్వెట్టును గంటకు 150 మైళ్లకు మించి తోలెను. లాస్ ఏంజిలిస్‌లో ఎడ్ ఇస్కెండేరియన్ వంటివారు క్యాములను గ్రైండు చేసి అమ్ముటయే జీవనవృత్తిగా గొనిరి. 1964లో పాంటియాక్ జీటీవో 389 ఘనపుటంగుళములు, అనగా ఇంచుమించు 6.4 లీటర్ల ఇంజనుతో వచ్చినది మొదలు మజిల్ కారను జాతి ఆ దేశమున వేళ్లూనెను. పందెపు బాటకై పుట్టిన క్యామును తెచ్చి, ఉదయము ఆఫీసునకు పోయి సాయంకాలము కూరగాయలతో ఇల్లు చేరు కారులో పెట్టినవారు ఆ కాలమున అనేకులు. అందు బ్రేకుల బూస్టరు ఇంజను వాక్యూముపై ఆధారపడును గనుక, ఓవర్‌ల్యాప్ మిక్కుటమైన క్యాము వేసినవాని బ్రేకు పెడలు, స్లోలో వాక్యూము చాలక, కాలికి బిగిసిపోవును. వేగమునకై వేసిన భాగము ఆపుటకు అడ్డు వచ్చుట చిత్రమే.

అక్కడి ఆరితేరిన పనివారు ఈ విషయమున నడచు క్రమము గమనింపదగినది. కారు బరువెంత, కంప్రెషనెంత, ఆటోమేటిక్ గేరుబాక్సైనచో దాని కన్వర్టరు ఎన్ని చుట్ల వద్ద పట్టు నిచ్చును, వెనుక ఇరుసు నిష్పత్తి ఎంత: ఇవన్నియు కాగితముపై వ్రాసికొనిన పిమ్మటనే వారు క్యాటలాగు విప్పుదురు. 3.08 నిష్పత్తితో తాపీగా సాగు కారునకు పనికివచ్చు క్యాము వేఱు, 3.73 నిష్పత్తితో ఇంజనును ఎక్కువ చుట్లలో నుంచు కారునకు పనికివచ్చునది వేఱు. క్యాటలాగులోని అంకెలును అమాయకమైనవి కావు. వాల్వు ఎన్ని డిగ్రీలు తెరచియుండునో చెప్పునప్పుడు ఒకడు ట్యాపెట్టు కదలీ కదలనప్పటి నుండి లెక్కించును. మరియొకడు అది 0.050 అంగుళము లేచిన పిమ్మట లెక్కించును. ఒక్క క్యామునకే ఈ రెండు లెక్కలలో పదుల డిగ్రీల భేదము రాగలదు గనుక, ఇద్దరి అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి పెద్దదానిని కొనువాడు తాను కొనినదేదో తా నెఱుగడు.

మొన్న మా మేస్త్రి కొట్టులో, ఇనుప బ్యారెలు గల పాత బుల్లెట్టును స్టాండు వేసి నిలిపి, ఒక యువకుడు "మేస్త్రీ, బండి ఆగి ఉంటె దడదడ కొట్టుకోవాలె, రేజ్ ఇస్తె పికప్ ఎగిరి రావాలె. పెద్ద క్యామ్ ఎయ్యి" అనెను. మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకొనుచు "ఎయ్యొచ్చు తమ్మీ. ఏ రోడ్డు మీద తోల్తవు?" అని యడిగెను. "ఏ రోడ్డంటె, ఊర్లెనే. సిద్దిపేటకు, జనగామకు. ఐతారం కొమురెల్లికి." మేస్త్రి ఇంకేమియు అనలేదు. సంక్రాంతి మొదలు ఉగాది వఱకు ఆదివారములందు కొమురవెల్లి మల్లన్న జాతరకు పోవు దారిలో బండి ఏ వేగమున పోవునో మాకందఱకును తెలియును: బోనాలెత్తుకొని నడచు ఆడవారి వెనుక, రెండవ గేరులో సగము క్లచ్చు పట్టి, తగిన గాలి తగులక హెడ్డు వేడెక్కుచుండగా, గజము గజము జరుగవలెను. వేయి చుట్లకు కూడ నిలువని ఇంజనుతో అక్కడ సాగుట భక్తికి పరీక్షయే గాని, బండికి తగిన పని కాదు.

మేస్త్రి అడిగిన ప్రశ్నను విన్నప్పుడు నాకు మా ఊరిలో కథల పటములు చిత్రించు నకాశీవారు గుర్తునకు వచ్చిరి. పటము కావలెనని వచ్చినవానిని వారు ఎన్ని మూరలని మాత్రమే యడిగి ఊరకుండలేరు. ఎవరి కథకో తెలియవలెను. కథ చెప్పు కూనపులివారు పద్మశాలీల యెదుట విప్పు పటము వేఱు, మందెచ్చులవారు గొల్లల యెదుట విప్పునది వేఱు. కథ తెలియక కుంచె యెత్తుట కుదరదు. దారి తెలియక క్యాము నెన్నుకొనుటయు అంతే.

ఇక ఆ బండి శరీరమును చూతము. బుల్లెట్టు 350 ఇంజను బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. వెరసి 346 సీసీ. ప్రసిద్ధమైన షెవ్రొలే 350 ఘనపుటంగుళముల ఇంజను స్ట్రోకు సుమారు 88.4 మిల్లీమీటర్లు, బోరు 101.6. పిస్టను ప్రయాణము రెంటను ఇంచుమించు సమానమే. భేదమంతయు వెడల్పులో నున్నది. వెడల్పు బోరుపై పెద్ద వాల్వులకు చోటు కలదు. ఇరుకు బోరుపై లేదు. వాల్వు తన వ్యాసములో నాలుగవ వంతు లేచినప్పటికే దాని చుట్టునున్న సందు, దాని నోటి వైశాల్యముతో సమానమగును. అంతకు మించి లేపుటవలని లాభము త్వరగా సన్నగిల్లును. కావున హెడ్డులోని పోర్టును ముట్టక, వాల్వును మార్చక, ఎత్తైన క్యామును మాత్రము వేసినవానికి గాలి పెరుగదు, స్ప్రింగుల అరుగుదల పెరుగును. చుట్ల సంగతియు చూడుడు. 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఇంజను నిమిషమునకు 5250 చుట్లు తిరుగునప్పుడు పిస్టను సగటున సెకనుకు 15.75 మీటర్లు పోవును. 6500 చుట్లకు లాగినచో 19.5 మీటర్లు. పిస్టనును ఆపి మరల వెనుకకు త్రిప్పుటకు కావలసిన బలము చుట్ల వర్గముతో పెరుగును గనుక, ఇంచుమించు నాలుగవ వంతు పెరిగిన ఈ వేగమునకు కనెక్టింగు రాడ్డు బిగ్‌ఎండుపై ఒకటిన్నర రెట్లకు మించిన భారము పడును. తాపీగా కొట్టుటకు పుట్టిన పొడుగు స్ట్రోకు ఇంజనును పైచుట్లకు ఎక్కించు క్యాము దాని జన్మకే విరుద్ధమని నా అభిప్రాయము.

క్యాము ఒంటరిగా వచ్చు అతిథి కాదు, సపరివారముగా వచ్చును. ఎత్తు పెరిగినచో స్ప్రింగు చుట్లు ఒకదానినొకటి తాకి బిగిసిపోవునేమో చూడవలెను. ఇంజను చుట్లు పెరిగినచో మెత్తని స్ప్రింగు వాల్వును వేళకు మూయలేదు. మరీ గట్టి స్ప్రింగు వేసినచో క్యాము ముఖమును ట్యాపెట్టు గీరివేయును. పిస్టను పైన మెత్తని పుట్టీ ముద్ద పెట్టి, హెడ్డు బిగించి, చేతితో రెండు చుట్లు త్రిప్పి, మరల విప్పి, ఆ ముద్ద ఎంత నలిగినదో కొలిచినచో వాల్వునకును పిస్టనునకును మిగిలిన సందు తెలియును. వాల్వు ఆలస్యముగా మూయుటచే క్రిందివేగముల కంప్రెషను తగ్గును. దానిని పూడ్చుటకు కంప్రెషను పెంచిన పిస్టను వేయుదురు. పాత క్యాముతోనే ఆ పిస్టను వేసినవానికి ఎదురుచఱియలో బరువుతో ఎక్కునప్పుడు ఇంజను నాకింగు కొట్టును. ఇట్లొకటి మఱొకదానిని పిలుచును. క్రొత్త క్యామునకు పాత ట్యాపెట్టులు పనికిరావు. అవి పాత ముఖముననుసరించి అరిగి యున్నవి. చదును ట్యాపెట్టుల వీ-ఎనిమిది ఇంజనులలో క్రొత్త క్యాము వేసిన నాడు, మొదటిసారి స్టార్టు కాగానే స్లోలో ఉంచక, ఇంచుమించు 2000 చుట్లలో ఇరువది నిమిషములు నడుపుట ఆచారము. క్రాంకు చిమ్ము ఆయిలే క్యామును తడుపును గనుక. ఆ ఆయిలులో జింకు, ఫాస్ఫరసు పాళ్లు చాలవలెనన్న పట్టింపును దానికొఱకే.

మజిల్ కారులో పదునాఱు ఉబ్బులును ఒక్క షాఫ్టుపై నుండును. ఇన్‌లెట్, ఎగ్జాస్టు ఉబ్బుల నడిమి కోణము గ్రైండు చేసినవాడు నిర్ణయించినదే, మనము మార్చలేము. పాత బుల్లెట్టులో నట్లు కాదు. రెండు వాల్వులకు రెండు క్యాములు, దేని పండ్లచక్రము దానిది, దేని ఇరుసు దానిది. కుడివైపు టైమింగు కవరు విప్పినచో రెండును కనబడును. ఈ స్వాతంత్ర్యము మేలును చేయును, కీడును చేయును. చక్రములపైనున్న గుర్తులు ఎదురెదురుగా కలియునట్లు కూర్చవలెను. ఒక్క పన్ను జరిగినను వాల్వు కాలము డిగ్రీ రెండు డిగ్రీలు గాక చాల దూరము తప్పును. గుర్తులు గల చక్రమునే క్రొత్తది తెచ్చినను, క్రాంకు కొనకు డిగ్రీ చక్రము బిగించి, వాల్వు ఎప్పుడు లేచుచున్నదో డయల్ గేజితో ఒక్కమారు చూచుకొనువాడే పనివాడు. ఇటీవలి బండ్లలో ఈ వినోదము తగ్గినది. 2008 తరువాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజనులలో హైడ్రాలిక్ ట్యాపెట్టులు సందును తామే సరిచేసికొనును. 2020లో మీటియర్‌తో వచ్చిన ఇంజనులో క్యాము హెడ్డుపైకే ఎక్కినది, పుష్‌రాడ్డులు లేనేలేవు.

ఆ యువకుని బండిని విప్పినప్పుడు క్యాములకు దోషమేమియు కనబడలేదు. వాల్వు గైడులు వదులై, సీటులు గుంటలు పడి, ఇగ్నీషను ఆలస్యమై యుండెను. పికప్ అంతయు అక్కడనే పోవుచుండెను. గైడులు మార్చి, వాల్వులు గ్రైండు చేసి, పాయింట్లు సరిచేసి, ఇంజను చల్లారియున్నప్పుడు పుష్‌రాడ్డు పైకి క్రిందికి ఆడక, వ్రేళ్లతో మాత్రము సులువుగా తిరుగునట్లు ట్యాపెట్టులు బిగించిరి. ఏటవాలు దారులకు పట్టు కావలెనన్న గేరుబాక్సు స్ప్రాకెట్టు ఒక పన్ను తగ్గించుట క్యాముకంటె చవుక, త్రిప్పికొనుటకు సులభము.

ఇన్నిటి తరువాతను పెద్ద క్యామే కావలెనని పట్టుపట్టువానికి నేను చెప్పున దొక్కటే: అంగడివాడు చూపినదానికంటె ఒక మెట్టు చిన్నది కొనుము, స్ప్రింగులు, ట్యాపెట్టులు దానితోనే కొనుము, తీసిన పాత క్యాములను పాత ఇనుము వానికి వేయక, ఆయిలు పూసి, దేని ట్యాపెట్టును దానితో జతకట్టి, గుడ్డలో చుట్టి అటకపై నుంచుము. బండి అమ్మునాడు కొనువాడు మొదట అడుగునవి అవియే.