గండికి కారణము, విమర్శకు ధర్మము

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 2022 సెప్టెంబరులో మిర్యాలగూడ ప్రాంతమందలి నిడమనూరు వద్ద గండి పడినది. 2024 సెప్టెంబరు 1వ తేదీన, కుండపోత వర్షముల నడుమ, కోదాడకు సమీపమున సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలములోని రామచంద్రాపురం వద్ద మరల గండి పడినది. ఇట్టి సమయములందు రెండు మాటలు వినవచ్చుచుండును. "అధికారుల నిర్లక్ష్యము" అనునది ఒకటి. "భారీ వర్షము" అనునది మరొకటి.

ప్రభుత్వశాఖను బహిరంగముగా విమర్శించుట తప్పు కాదు. ప్రభుత్వోద్యోగి విధినిర్వహణను గూర్చి సద్భావముతో అభిప్రాయము చెప్పుట పరువునష్టము కాదని భారతీయ న్యాయసంహిత 356వ సెక్షనులోనే మినహాయింపు కలదు. అయితే ఆ విమర్శ న్యాయమైనదో కాదో తెలిసికొనుట ఎట్లు?

మట్టికట్ట తెగు విధములను చూడుడు. నీరు కట్ట మీదుగా పొర్లి వెలుపలి వాలును కోసివేయవచ్చును. లేదా ఊటనీరు కట్ట లోపల సన్నని దారి చేసికొని, మట్టిరేణువులను కొంచెము కొంచెముగా మోసికొనిపోయి తుదకు సొరంగము చేయవచ్చును. లేదా కాలువ క్రింద వాగునీరు పోవుటకు కట్టిన తూము శిథిలమై, దానిని అంటియున్న మట్టి జారిపోవచ్చును. మొదటిదానికి వర్షము కారణము కావచ్చును. రెండవది చినుకు పడని దినమున కూడ జరుగును.

కనుక "నిర్లక్ష్యము" అన్నంత మాత్రమున కారణము చెప్పినట్లు కాదు. ఏ మరమ్మతు, ఎప్పుడు, ఎవరు చేయవలసియుండెనో చూపవలెను. "భారీ వర్షము" అను సమాధానము కూడ అట్టిదే. ఈ కాలువ మొదట సామర్థ్యము 11,000 క్యూసెక్కులు, అనగా సెకనుకు సుమారు 3,11,000 లీటర్లు. దిగువకు పోవుకొలది ఇది తగ్గును. గండి పడిన చోట సామర్థ్యమెంత, ఆ గంటలో వచ్చిన నీరెంత అని శాఖ చెప్పవలెను.

1986లో ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదమును విచారించిన సంఘములో భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ సభ్యుడు. వైఫల్యమునకు అవకాశము లక్షలో ఒకటి అని నాసా యాజమాన్యము, సుమారు నూటికి ఒకటి అని ఇంజనీర్లు చెప్పగా, ఆయన రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపి, ఇంత భేదమేల అని ప్రశ్నించెను. ఎవరిని దూషించినను అంత బలము రాకపోయెడిది.

విమర్శకుడు మూడు నియమములు పాటించవలెను. కన్నదానిని, ఊహించినదానిని వేరుచేసి చెప్పవలెను. సాక్ష్యము లేనిదే లంచము, కుట్ర అనరాదు. కట్ట వెంట తిరుగు లస్కరును నిందించుటకు ముందు, అతనికెన్ని మైళ్లు అప్పగించిరో, అప్పగించినదెవరో అడుగవలెను. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము సాధారణముగా 30 దినములలో శాఖ బదులీయవలెను. ఆ బదులు తన మాటను ఖండించినచో, దానిని కూడ అంతే ప్రముఖముగా ప్రకటించుట విమర్శకుని విధి.

ఉపాధ్యాయులు ఒక పత్రికావార్తను తరగతిలో చదివించి, కన్నది, ఊహించినది, నింద అని విద్యార్థులచే మూడు రంగుల గీతలు గీయించవచ్చును. ఇది మర్యాదకు సంబంధించిన పాఠము మాత్రమే కాదు. కారణము తప్పుగా తెలిసికొన్నచో మరమ్మతు తప్పుచోట జరుగును. మరుసటి వానకాలమున మునుగునది రైతు పొలమే.