‘టేక్’ నుండి ‘తీసుకొను’ వరకు: అనువాద తెలుగులో ఒక క్రియావిస్తృతి – విమర్శనాత్మక పరిశీలన

సంక్షిప్తి

ఇంగ్లీషు ‘టేక్’ క్రియకు అనువాదాల్లో ‘తీసుకొను’ స్థిరమైన సమానార్థకంగా నిలిచింది. ఈ వాడుకను పరభాషా ప్రభావమని మొత్తంగా నిరసించడమూ, భాషావికాసమని మొత్తంగా ఆమోదించడమూ అసమగ్రాలే. ‘కొను’ ధాతువు స్వభావాన్నీ, నిత్యవ్యవహార ప్రయోగాలనూ ఆధారం చేసుకొని, ఏ ప్రయోగం భాషకు చేర్పో, ఏది నష్టమో తేల్చే ప్రమాణాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టేక్, తీసుకొను, కొను, అనువాదం, అర్థభేదం, వ్యవహారభాష.

1. ప్రవేశిక

‘టేక్’ పుట్టుకతో ఇంగ్లీషు పదం కాదు. ప్రాచీన ఇంగ్లీషులో ఈ అర్థానికి ‘నిమన్’ అనే క్రియ ఉండేది. జర్మన్‌లోని ‘నేమెన్’ దానికి సోదరపదం. ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్ల భాష నుండి ‘టాక’ అనే క్రియ వచ్చి, క్రమంగా ‘నిమన్’ స్థానాన్ని ఆక్రమించింది. తిమ్మిరిని తెలిపే ‘నమ్’ అనే విశేషణంలో ఆ పాత క్రియ జాడ మిగిలి ఉంది. ఇంత మౌలికమైన క్రియనే ఎరువు తెచ్చుకొన్నా ఇంగ్లీషు ఇంగ్లీషుగానే నిలిచింది. కనుక ఎరువు అన్న ఒక్క కారణంతో ఏ ప్రయోగాన్నీ దోషమనడం కుదరదు.

చేత పట్టుకోవడం, మందు మింగడం, కాలం పట్టడం, ఫోటో తీయడం, ఒకరిని ఒకచోటికి తీసుకువెళ్లడం – వీటన్నింటికీ ఇంగ్లీషులో ‘టేక్’ చాలు. అర్థభారాన్ని ఎక్కువగా పక్కనున్న నామం మోస్తుంది. ఇటువంటి వాడుకలో క్రియను భాషాశాస్త్రజ్ఞులు ‘లైట్ వెర్బ్’ అంటారు. తెలుగు ఈ భారాన్ని తరచుగా క్రియకే అప్పగిస్తుంది. అనువాదంలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

2. ‘కొను’ – సొంత సంపద

‘తీసుకొను’ అనేది ‘తీసి’, ‘కొను’ల కలయిక. నేటి వాడుకలో విడిగా ‘కొను’ అంటే వెల ఇచ్చి పొందడమే. కావ్యభాషలో దానికి గ్రహించు అన్న విశాలార్థం ఉంది. తమిళంలోని ‘కొళ్’, కన్నడంలోని ‘కొళ్ళు’ దీని సోదరపదాలు. చేకొను, కైకొను, ఎదుర్కొను, పేర్కొను, వీడ్కొను వంటి క్రియల్లో ఈ ధాతువే ఉంది. ‘పాల్గొను’ అంటే పాలు కొనడం. భాగం గ్రహించడమే పాల్గొనడమన్న భావనకు తెలుగు ఇంగ్లీషును అనుకరించనక్కర లేకపోయింది.

సహాయక్రియగా ‘కొను’ కర్తకు చెందే ఫలాన్ని సూచిస్తుంది. ‘వండింది’, ‘వండుకుంది’ అన్న రూపాల మధ్య తేడా ఇదే. ‘తలుపు మూసుకుంది’ వంటి చోట దానంతట అది జరగడాన్నీ తెలుపుతుంది. పత్రికల్లోని ‘ఘటన చోటుచేసుకుంది’ అన్న మాట ఇంగ్లీషు నుడికారానికి నీడలా కనిపించినా, ఈ రెండో పద్ధతిలో ఇమిడిపోతుంది. ‘జరిగింది’ ఉండగా అది అదనపు బరువే తప్ప అర్థనష్టం కాదు.

3. చెరిగిపోయే భేదాలు

అర్థనష్టం స్పష్టంగా కనిపించేది వైద్యసూచనల్లో. తెలుగులో మాత్ర వేసుకుంటారు, సిరప్ తాగుతారు, లేపనం రాసుకుంటారు, ఇంజెక్షన్ చేయించుకుంటారు. అనువాద కరపత్రం అన్నింటినీ ‘మందు తీసుకోవాలి’ అన్న వాక్యంలోకి కుదిస్తే, మింగాలో, పూయాలో, దుకాణంలో కొనాలో రోగికి వాక్యం నుండి తెలియదు. ఇంగ్లీషు పాఠాన్ని కూడా చదవగలవారికి ఈ లోపం కనబడదు. తెలుగు మాత్రమే చదవగలవారు దాని భారాన్ని మోస్తారు. కరపత్రం ఉద్దేశించింది ఈ రెండో వర్గాన్నే.

విద్యారంగంలోనూ ఇదే స్థితి. విద్యార్థి పరీక్ష రాస్తాడు, అధ్యాపకుడు పెడతాడు. ‘పరీక్ష తీసుకొన్నాడు’ అంటే ఈ రెండు పాత్రలూ కలిసిపోతాయి. హిందీలో పరీక్షను ‘లేనా’ అధ్యాపకుడి పని. అదే భావాన్ని ఇంగ్లీషు నుండి మక్కికి మక్కిగా తెలుగు చేస్తే అది విద్యార్థి పని అవుతుంది.

కాలం విషయంలో కర్తృత్వమే మారుతుంది. ‘నాకు రెండు గంటలు పట్టింది’ అన్నప్పుడు ఆ వ్యవధి వక్త ఇచ్ఛకు లోబడినది కాదు. ‘రెండు గంటలు తీసుకున్నాను’ అంటే ఇచ్ఛాపూర్వకమన్న ఛాయ చేరుతుంది. రెండూ అవసరమైన వాక్యాలే. మొదటిది రాయవలసిన చోట రెండవది రాయడమే దోషం.

‘సెలవు తీసుకొను’ మరో ఉదాహరణ. సంప్రదాయ వ్యవహారంలో అది అనుమతి పొంది వెళ్లడం. ఉద్యోగి చేసేది ‘సెలవు పెట్టడం’. నేడు మొదటి మాట రెండో అర్థంలోకి జరిగి, వీడ్కోలు మర్యాద వెనుకబడుతోంది.

4. అస్పష్టత చేసే మేలు

అస్పష్టత అన్నిచోట్లా హానికరం కాదు. అతిథితో ‘కాఫీ తాగండి’ అనడం కంటే ‘కాఫీ తీసుకోండి’ అనడం మర్యాద. ఇది కొత్త పోకడ కాదు. ‘పుచ్చుకోండి’ అన్న మాట ఇదే పని చేసేది. క్రియ పలచబడటం వల్లే అక్కడ గౌరవం పుడుతోంది.

‘తగిన చర్యలు తీసుకుంటాం’ అన్న అధికారిక వాక్యంలోనూ క్రియ పలచనిదే. విచారణా, జరిమానా, సస్పెన్షనా అన్నది చెప్పకుండానే వాక్యం ముగుస్తుంది. ఇంగ్లీషు మూలం కూడా ఇంతే దాస్తుంది. కనుక తప్పు తెలుగు క్రియది కాదు, దాని చాటున నిలిచే పాలనాభాషది. మర్యాదలో అస్పష్టత వినేవారికి ఉపకరిస్తుంది. ప్రకటనలో మాట్లాడేవారికి ఉపకరిస్తుంది.

5. ముగింపు

ఒక ‘తీసుకొను’ ప్రయోగాన్ని అంచనా కట్టవలసింది అది ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నతో కాదు. తెలుగులో అప్పటికే ఉన్న భేదాన్ని అది చెరిపివేస్తోందా, ఆ భేదం వినేవారికి అవసరమా అన్నవే సరైన ప్రశ్నలు. ‘నిర్ణయం తీసుకొను’ ఈ పరీక్షలో నెగ్గుతుంది. ‘నిర్ణయించు’ దాని పక్కనే చెక్కుచెదరకుండా ఉంది. ‘మందు తీసుకొను’ కరపత్రంలో ఓడిపోతుంది, కుశలప్రశ్నలో నెగ్గుతుంది. ద్విభాషా నిఘంటువులు ‘టేక్’కు అర్థాల జాబితాతో ఆగక, ఏ నామంతో ఏ తెలుగు క్రియ కలుస్తుందో చూపగలిగితే, అనువాదకునికీ విద్యార్థికీ అసలైన ఆధారం దొరుకుతుంది.