ఇరుసు ఒక్కటే మారదు

పావగడ తాలూకాలో బోర్లు ఎండినా, పడ్డ నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా చివరికి దిక్కు ట్యాంకరే అవుతూ వచ్చింది. పాత మిలిటరీ లారీ కొని, పైన ట్యాంకు ఎక్కించి, కింద పెద్ద ఇరుసులు వేయిస్తే ఏ చేనిగట్టుకైనా నీళ్లు చేరతాయన్న ఆశ పుట్టడం సహజం. నాకూ ఆ మోజుంది. శక్తిమాన్ అనే మిలిటరీ లారీ కనబడితే వంగి దాని కింద చూడందే కదల్లేను.

జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్పూర్‌లో తయారైన ఆ లారీకి రెండు బరువులు చెప్పేవారు: రోడ్డు మీద 5 టన్నులు, రోడ్డు లేనిచోట 3. ఇరుసు అదే, కమాను పట్టీలు అవే. కోత పెట్టింది దారి. గుంతలో దిగినప్పుడు బరువంతా ఒకే చక్రం మీద విరుచుకుపడుతుంది మరి. 5,000 లీటర్ల నీళ్లంటేనే 5 టన్నులు, ట్యాంకు ఇనుము వేరే. పైగా నీళ్లు ఊరికే కూర్చోవు, మలుపులో పక్కకు తోస్తాయి.

పెద్ద ఇరుసు తెచ్చాక పట్టీల సీట్లు కోసి అతికించాలి, జాయింటు షాఫ్టు పొడవు సరిచూడాలి, కొత్త డ్రమ్ములను పాత బ్రేకు పట్టగలగాలి. చేయి తిరిగిన మేస్త్రీకి ఇవి లెక్క కాదు. అసలు చిక్కు ఇరుసు లోపలి క్రౌన్ పళ్లచక్రం దగ్గర. ఖర్చుకు జడిసి వెనక ఇరుసు మార్చి ముందుది వదిలేస్తారు. రెండింటి పళ్ల నిష్పత్తి కలవకపోతే, ముందు ఇరుసు గేరు వేయగానే ముందు చక్రాలది ఒక వేగం, వెనకవాటిది ఇంకొకటి. వంక ఇసుకలో చక్రం జారి సర్దుకుంటుంది. తారురోడ్డు మీద జారే వీల్లేక ఆ పోరంతా రెండు ఇరుసులకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. బిగించే ముందే షాఫ్టుకూ చక్రానికీ సుద్దముక్కతో గీతలు పెట్టి, చేత్తో తిప్పి లెక్కిస్తే తేలిపోయే సంగతిది. రెండు పక్కల చక్రాలూ సమంగా తిరగాలి సుమా! ఒకటి ఆగితే రెండోది రెట్టింపు తిరిగి లెక్క చెడుతుంది.

ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసంటే మాత్రం నాకు ప్రత్యేకమైన గౌరవం. బరువును హౌసింగూ హబ్బు బేరింగులూ మోస్తాయి, లోపలి షాఫ్టు తిప్పడమే చేస్తుంది. అది తెగినా చక్రం ఊడి చేలోకి పోదు.

ఆర్‌సీలో రాసిన బరువు ఇరుసుతో పాటు పెరగదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు అడ్డుకట్ట వేస్తుంది కూడా. అందుకే అనుమతి తెచ్చుకుని పెద్ద ఇరుసు వేయించినా 3,000 లీటర్ల లోపు ట్యాంకే పెట్టమంటాను. డబ్బు పోసినవాడు వింటాడా? 6,000 ఎక్కిస్తాడు. ఇరుసు నిలుస్తుంది, ముందు క్లచ్చు ప్లేటు కాలుతుంది, తర్వాత గేరుబాక్సు వంతు.